మానవ ఐపీఎస్ కణాల నుంచి ఆదిమ బీజకణాలు: కొత్త పోస్ట్‌డాక్‌కు పని పద్ధతి

మూలకణాల పరిశోధన, ప్రత్యుత్పత్తి జీవశాస్త్రం కలిసే చోట పోస్ట్‌డాక్‌గా చేరితే మొదట మీ చేతికి వచ్చే పనుల్లో ఒకటి, మానవ ఐపీఎస్ కణాల (మామూలు శరీర కణాలను వెనక్కి తిప్పి చేసిన మూలకణాల) నుంచి ఆదిమ బీజకణాల్లాంటి కణాలను తయారు చేయడం. ల్యాబులో వీటిని పొట్టిగా పీజీసీఎల్‌సీలు అంటారు. అండం కావాలన్నా, శుక్రకణం కావాలన్నా దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది. 2015లో కేంబ్రిడ్జ్‌లో అజీమ్ సురానీ బృందం, క్యోటోలో మితినోరి సైటో బృందం దీన్ని రెండు వేర్వేరు దారుల్లో చేసి చూపించాయి. కేంబ్రిడ్జ్ దారిలో కణాలను ముందు 4ఐ అనే మీడియంలో పెంచుతారు. క్యోటో దారిలో మామూలుగా పెంచిన కణాలను రెండు రోజులపాటు ఐమెల్‌సీ అనే మధ్య దశలో ఉంచి, తర్వాత బీఎంపీ4 అనే సంకేత ప్రొటీన్ ఇస్తారు. ఇక్కడ చెప్పేది రెండో దారి.

పని చెడినప్పుడు అందరూ ముందు అనుమానించేది బీఎంపీ4నే. కొత్త లాట్ తెప్పిస్తారు, మోతాదు పెంచుతారు. కానీ బీఎంపీ4 ప్లేటులోకి వెళ్లేసరికే ఫలితం చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఐపీఎస్ కణాలు ఎలా పెరిగాయి, ఐమెల్‌సీ దశను ఏ గంటకు ఆపారు అన్నదే అసలు విషయం. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ముందు రోజుల గురించే.

చేరిన వారంలోనే: అనుమతులు

ప్రయోగానికంటే ముందు కాగితాలు. మీరు వాడబోయే ఐపీఎస్ లైన్‌కు (ఒకే దాత కణాల నుంచి వచ్చిన కణ సంతతికి) దాత ఇచ్చిన అంగీకార పత్రం తెప్పించుకుని చదవండి. చాలా పత్రాల్లో ‘వ్యాధుల పరిశోధన’ అని మాత్రమే ఉంటుంది. బీజకణాల తయారీకి ఒప్పుకున్నట్టు ఉండదు, కొన్నింట్లో వద్దని స్పష్టంగానే రాసి ఉంటుంది. అలాంటి లైన్ మీద ఏడాది పని చేశాక సంగతి తెలిస్తే డేటా ప్రచురణకు పనికిరాకుండా పోవచ్చు. లైన్ వేరే సంస్థ నుంచి వస్తుంటే పదార్థ బదిలీ ఒప్పందంలో కూడా ఇదే చూడాలి. సంతకాలకు నెలలు పట్టడం మామూలే, కాబట్టి మొదటి వారంలోనే కదిలించండి.

మీ సంస్థలోని మూలకణ పరిశోధన పర్యవేక్షణ కమిటీకి కూడా ముందే తెలియజేయాలి. అంతర్జాతీయ మూలకణ పరిశోధన సంఘం 2021 మార్గదర్శకాల ప్రకారం మానవ మూలకణాల నుంచి చేసిన బీజకణాలను పిల్లల్ని కనడానికి వాడకూడదు. పరిశోధన కోసం ఫలదీకరణ చేయాలన్నా ప్రత్యేక సమీక్ష తప్పదు. పీజీసీఎల్‌సీ దశ దగ్గరే ఆగే పని అంత బరువైనది కాదు. అయినా దేశాన్ని బట్టి చట్టం మారుతుంది కాబట్టి సీనియర్లు నోటితో చెప్పినదాన్ని నమ్ముకోకండి.

అడుగు 1: వచ్చిన వయల్‌ను పరీక్షించడం

ఫ్రీజర్‌లోని వయల్ మీద రాసిన పేరు, లోపలున్న కణం ఒకటేనని అనుకోవద్దు. కరిగించిన వెంటనే మూడు పరీక్షలకు నమూనాలు తీయండి.

మొదటిది ఎస్‌టీఆర్ ప్రొఫైల్. లైన్ అదేనా కాదా అని ఇది చెబుతుంది.

రెండోది మైకోప్లాస్మా. కణాలను 2 రోజులు ఉంచిన మీడియం నుంచి నమూనా తీసి పీసీఆర్ చేయించండి. మైకోప్లాస్మాకు గట్టి కణకవచం ఉండదు కాబట్టి పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌ను కూడా దాటగలదు. మీడియం మబ్బుగా మారదు, కణాలు బతికే ఉంటాయి, డిఫరెన్షియేషన్ (మూలకణం మరో రకం కణంగా మారడం) మాత్రం అర్థంపర్థం లేకుండా మారిపోతూ ఉంటుంది. ఫలితం వచ్చేదాకా ఆ లైన్‌ను వేరే ఇంక్యుబేటర్‌లో ఉంచండి.

మూడోది క్రోమోజోములు. జీ-బ్యాండింగ్ (క్రోమోజోములకు రంగు వేసి చారలు చూడటం) ఒక్కటే చాలదు. ఐపీఎస్ కణాల్లో పదేపదే కనిపించే మార్పుల్లో 20వ క్రోమోజోమ్ పొడవు చేతిలోని 20క్యూ11.21 భాగం రెట్టింపవడం ఒకటి. ఆ ముక్క చాలాసార్లు జీ-బ్యాండింగ్‌కు అందనంత చిన్నగా ఉంటుంది. అందులో ఉండే బీసీఎల్2ఎల్1 జన్యువు కణం చనిపోకుండా కాపాడుతుంది కాబట్టి ఆ కణాలు కొన్ని పాసేజ్‌లలోనే (కణాలను విడదీసి కొత్త ప్లేటుకు మార్చే విడతల్లోనే) ప్లేటంతా ఆక్రమిస్తాయి. దీనికి విడిగా క్యూపీసీఆర్ (డీఎన్‌ఏ మోతాదు కొలిచే పరీక్ష) గానీ ఫిష్ (క్రోమోజోమ్ ముక్కను మెరిసే గుర్తుతో పట్టే పరీక్ష) గానీ చేయించాలి. 1, 12, 17, ఎక్స్ క్రోమోజోముల అదనపు ప్రతులు కూడా తరచుగా కనిపించేవే. మీ లైన్ ఉన్నట్టుండి ‘బాగా పెరుగుతోంది’ అనిపిస్తే సంతోషించకండి, పరీక్షకు పంపండి.

స్త్రీ లైన్ అయితే ఇంకొక మెలిక ఉంది. ఎక్కువ కాలం పెంచిన కణాల్లో ఒక ఎక్స్‌ను నిద్రపుచ్చే ఎక్స్‌ఐఎస్‌టీ ఆర్‌ఎన్‌ఏ తగ్గిపోయి, నిద్రాణంగా ఉండాల్సిన ఎక్స్ క్రోమోజోమ్ కొంత మేలుకుంటుంది. బీజకణాల్లో ఎక్స్ మళ్లీ చురుకవడాన్ని చూడాలన్నదే మీ ప్రశ్న అయితే, మొదలుపెట్టిన కణంలో ఎక్స్‌ఐఎస్‌టీ ఎంత ఉందో కొలవకుండా ముందుకు పోవద్దు.

పరీక్షల్లో నెగ్గిన లైన్‌ను వెంటనే బ్యాంకు చేయండి. ఒకే పాసేజ్ నుంచి కనీసం 20 వయల్స్, 10 శాతం డీఎంఎస్‌ఓ, నిమిషానికి 1 డిగ్రీ చొప్పున చల్లబరిచే డబ్బా, మరుసటి రోజు ద్రవ నైట్రోజన్ ట్యాంకులోకి. ఒక వయల్‌ను 10 పాసేజ్‌లకు మించి లాగకుండా పారేసి, కొత్తది కరిగించుకోండి.

అడుగు 2: రోజువారీ పెంపకం

ఈ పద్ధతికి కణాలను విడివిడిగా పాసేజ్ చేయడం అలవాటు కావాలి. క్యోటో దారిలో స్టెమ్‌ఫిట్ మీడియం, లామినిన్-511 ఈ8 (కణాలు ప్లేటుకు అంటుకునేందుకు పూసే ప్రొటీన్) వాడతారు. ఐమ్యాట్రిక్స్-511 పేరుతో దొరికే ఆ లామినిన్ స్టాక్ మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములు. 6-వెల్ ప్లేటులో ఒక వెల్ విస్తీర్ణం దాదాపు 9.6 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముల లెక్కన వెల్‌కు 9.6 మైక్రోలీటర్ల స్టాక్ సరిపోతుంది.

వెల్‌కు 10,000 నుంచి 15,000 కణాలు వేసి, మొదటి 24 గంటలు 10 మైక్రోమోలార్ వై-27632 ఉంచండి. ఈ రాక్ నిరోధకం లేకపోతే విడివిడి కణాలు చాలావరకు చచ్చిపోతాయి. మరుసటి రోజు దాన్ని తప్పకుండా తీసేయాలి. ఆ తర్వాత రోజు మార్చి రోజు మీడియం, చివరి రెండు రోజులు ప్రతిరోజూ. 6 లేదా 7 రోజులకు 70–80 శాతం నిండుతుంది. అప్పుడే పాసేజ్ చేయాలి, ఇంకొక రోజు ఆగుదామనుకోవద్దు. కిక్కిరిసిన కణాల కింద మీడియం పసుపు రంగుకు తిరుగుతుంది, కాలనీల మధ్యభాగం గుట్టగా లేచి ఆ కణాలు వాటంతట అవే డిఫరెన్షియేట్ అవడం మొదలుపెడతాయి. ఆ రోజుకు ఇది పెద్ద తేడాగా అనిపించదు. వారం తర్వాత పీజీసీఎల్‌సీ దిగుబడి సగానికి పడిపోయినప్పుడు మాత్రం కారణం వెతుక్కోవాల్సి వస్తుంది.

మీ ల్యాబులో ఎంటీజర్, మాట్రిజెల్ అలవాటైతే అవే వాడినా పీజీసీఎల్‌సీలు వస్తాయి. కానీ మీడియం మార్చిన వారమే ప్రయోగం పెట్టకండి. కనీసం మూడు పాసేజ్‌లు కొత్త మీడియంలో నడిచాక మొదలుపెట్టండి. పెంపకంలో యాంటీబయాటిక్ కూడా వద్దు. అది చిన్న కలుషితాన్ని దాచిపెడుతుంది తప్ప తీసేయదు.

అడుగు 3: జీకే15 మీడియం, సైటోకైన్లు (సంకేత ప్రొటీన్లు)

ఐమెల్‌సీ, పీజీసీఎల్‌సీ దశలకు వాడే మీడియం జీకే15. 500 మిల్లీలీటర్లకు: జీఎంఈఎం అనే మూల మీడియం 409 మిల్లీలీటర్లు, కేఎస్‌ఆర్ (సీరమ్‌కు బదులుగా వాడే మిశ్రమం) 75, వంద రెట్ల గాఢత గల నాన్-ఎసెన్షియల్ అమైనో ఆమ్లాలు 5, వంద రెట్ల సోడియం పైరువేట్ 5, 200 మిల్లీమోలార్ గ్లూటమిన్ 5, 55 మిల్లీమోలార్ 2-మెర్కాప్టోఇథనాల్ 0.9 మిల్లీలీటర్లు. 4 డిగ్రీల దగ్గర, వెలుతురు తగలకుండా ఉంచి రెండు వారాల్లో వాడేయండి.

ఇందులో నమ్మరానిది కేఎస్‌ఆర్. లాట్ మారితే ఫలితం మారుతుంది. కంపెనీ నుంచి రెండు మూడు లాట్ల నమూనాలు తెప్పించి, ఒకే రోజు, ఒకే కణాలతో పక్కపక్కన పెట్టి చూడండి. బాగా పనిచేసిన లాట్‌ను ఏడాదికి సరిపడా కొని, చిన్న భాగాలు చేసి ఫ్రీజ్ చేయండి. కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకూడదు.

బీఎంపీ4ను 0.1 శాతం బీఎస్‌ఏ కలిపిన 4 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములుగా కరిగించండి. బీఎస్‌ఏ లేకపోతే ప్రొటీన్ గొట్టం గోడకు అంటుకుపోతుంది. ఒక్కసారికి సరిపోయే భాగాలుగా మైనస్ 80లో దాచండి. డబ్ల్యూఎన్‌టీ సంకేతాన్ని రేపే రసాయనం చిర్99021ని 10 మిల్లీమోలార్ స్టాక్ నుంచి నేరుగా వాడితే మిల్లీలీటరుకు 0.3 మైక్రోలీటర్లు తీయాల్సి వస్తుంది, ఆ పరిమాణంలో ఏ పైపెట్‌నూ నమ్మలేం. డీఎంఎస్‌ఓతో 3 మిల్లీమోలార్‌కు పలచబరిచి పెట్టుకుంటే వెయ్యికి ఒకటి చొప్పున వేసుకోవచ్చు.

అడుగు 4: ఐమెల్‌సీ, గడియారం చూసుకుంటూ

12-వెల్ ప్లేటును మానవ ప్లాస్మా ఫైబ్రోనెక్టిన్‌తో, మిల్లీలీటరుకు 16–17 మైక్రోగ్రాముల చొప్పున, 37 డిగ్రీల దగ్గర కనీసం గంటసేపు కోట్ చేయండి. ఐపీఎస్ కణాలను పీబీఎస్‌తో కడిగి, ట్రిప్‌ఎల్‌ఈ, ఈడీటీఏ సమపాళ్లలో కలిపిన ద్రావణంలో 5 నిమిషాలు ఉంచి, పూర్తిగా విడివిడి కణాలుగా చేయండి. జంటలు, ముద్దలు మిగిలితే సాంద్రత లెక్క తప్పుతుంది. వెల్‌కు 1–2 లక్షల కణాలు వేయండి. మీడియం: జీకే15, మిల్లీలీటరుకు 50 నానోగ్రాముల ఆక్టివిన్ ఏ, 3 మైక్రోమోలార్ చిర్, 10 మైక్రోమోలార్ వై-27632.

ఇక్కడ జరిగేది ఇది. ఆక్టివిన్, డబ్ల్యూఎన్‌టీ సంకేతాలు కణాన్ని మీసోడెర్మ్ (పిండం మధ్య పొర) గుమ్మం దాకా తీసుకెళ్తాయి. గుమ్మం దగ్గర నిలబడిన కణానికి బీఎంపీ4 ఇస్తే బీజకణం వైపు తిరుగుతుంది. గుమ్మం దాటితే మీసోడెర్మ్ లేదా ఎండోడెర్మ్ (లోపలి పొర) అయిపోతుంది, ఇక వెనక్కి రాదు. అసలు గుమ్మం దాకా రాని కణం బీఎంపీ4కి ఆమ్నియాన్ (పిండాన్ని చుట్టే పొర) వైపు పోతుంది, లేదా ఐపీఎస్ కణంగానే మిగిలిపోతుంది. ఈ సమయం లైన్‌ను బట్టి మారుతుంది, చాలా లైన్లకు 42 నుంచి 48 గంటల మధ్య.

కాబట్టి కొత్త లైన్‌తో మొదటి ప్రయోగం ఒకే సమయానికి పెట్టకండి. ఒకే ప్లేటులో కణాలను వేర్వేరు సమయాల్లో వేసి, 36, 42, 48, 54 గంటల కణాలు ఒకేసారి చేతికి వచ్చేలా చూసుకోండి. నాలుగింటికీ ఒకే సైటోకైన్ మిశ్రమం ఇచ్చి, 6వ రోజు పోల్చండి. దీంతోపాటే సాంద్రతను 1 లక్ష, 1.5 లక్షలు, 2 లక్షలుగా మార్చి చూడండి. పలచగా వేసిన కణాలు త్వరగా ముందుకు పోతాయి, చిక్కగా వేసినవి నిదానిస్తాయి. అందుకే సమయాన్ని, సాంద్రతను విడదీసి చూడకూడదు. ఈ ఒక్క ప్రయోగానికి రెండు మూడు వారాలు పోయినా చింతించకండి. దీన్ని దాటేసి ముందుకు వెళ్లినవాళ్లు ఆ రెండు వారాలకు బదులు ఆరు నెలలు పోగొట్టుకోవడం తరచూ జరిగేదే.

సమయం సరిపోయిందో లేదో మైక్రోస్కోప్ కింద కొంత తెలుస్తుంది. కణాలు ఒకే పొరగా, చదునుగా, అంచులు పట్టుకుని పరుచుకుని ఉండాలి. విడిపోయి, సాగి, గుంపుల నుంచి బయటికి పాకుతుంటే గుమ్మం దాటుతున్నట్టు లెక్క.

అడుగు 5: అగ్రిగేట్లు (కణాల ఉండలు) కట్టడం

96 వెల్స్ ఉన్న, కణాలు అంటుకోని, అడుగు వి ఆకారంలో ఉండే ప్లేటు తీసుకోండి. అంచు వెల్స్‌లో నీరు ఆవిరై సైటోకైన్ గాఢత మారిపోతుంది, వాటిలో పీబీఎస్ నింపి లోపలి 60 వెల్స్ మాత్రమే వాడండి. వెల్‌కు 100 మైక్రోలీటర్లలో 5,000 కణాలు. 60 వెల్స్‌కు 6 మిల్లీలీటర్లు కావాలి, వృథా కలుపుకుని 7 చేయండి. అంటే 3.5 లక్షల బతికిన కణాలు.

ఆ 7 మిల్లీలీటర్ల జీకే15కి స్టాకుల లెక్క ఇలా ఉంటుంది. బీఎంపీ4 తుది మోతాదు మిల్లీలీటరుకు 200 నానోగ్రాములు, 14 మైక్రోలీటర్లు. ఎస్‌సీఎఫ్ 100 నానోగ్రాములు, 7 మైక్రోలీటర్లు. ఈజీఎఫ్ 50 నానోగ్రాములు, 3.5 మైక్రోలీటర్లు. ఈ మూడింటి స్టాక్ మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు. లిఫ్ మిల్లీలీటరుకు 1,000 యూనిట్లు, పది లక్షల యూనిట్ల స్టాక్ అయితే 7 మైక్రోలీటర్లు. వై-27632 10 మిల్లీమోలార్ స్టాక్ నుంచి 7 మైక్రోలీటర్లు.

దీంతోపాటు ఇంకొక ప్లేటులో 6 వెల్స్‌లో బీఎంపీ4 తప్ప మిగతావన్నీ వేసిన కంట్రోల్ పెట్టండి. అది లేకుండా 6వ రోజు కనిపించే ఏ సంఖ్యకూ అర్థం లేదు.

24 గంటలకు వెల్‌కు ఒక్కటే గుండ్రని అగ్రిగేట్ కనిపించాలి. రెండు మూడు చిన్నవి ఉంటే కణాలు సమంగా అడుక్కి చేరలేదు, తర్వాతిసారి ప్లేటును కొద్దిసేపు నెమ్మదిగా సెంట్రిఫ్యూజ్ చేయండి. చుట్టూ కొంత చనిపోయిన కణాల పొడి ఉండటం సహజం. అగ్రిగేటే కట్టకపోతే లోపం ఐమెల్‌సీలను విడదీసినప్పుడు జరిగింది. ఎంజైమ్ ఎక్కువసేపు ఉంచి ఉంటారు, లేదా వై-27632 మరచిపోయి ఉంటారు. ఆ తర్వాత 6వ రోజు దాకా ప్లేటును ఊరికే బయటికి తీయకండి.

అడుగు 6: వచ్చింది పీజీసీఎల్‌సీయేనా?

ఒక్క మార్కర్‌తో (కణం రకాన్ని తెలిపే ప్రొటీన్‌తో) తేల్చేయడం ఈ రంగంలో అందరికంటే ఎక్కువగా జరిగే పొరపాటు. మానవ బీజకణాలకు సాక్స్17 కీలకం, అది లేని కణాల నుంచి పీజీసీఎల్‌సీలు రావు. కానీ ఎండోడెర్మ్‌లో కూడా సాక్స్17 ఉంటుంది. టీఎఫ్‌ఏపీ2సీ కూడా కీలకమే, కానీ అది ఆమ్నియాన్, ట్రోఫోబ్లాస్ట్ కణాల్లోనూ కనిపిస్తుంది. ఆక్ట్4, నానోగ్ మారకుండా మిగిలిపోయిన ఐపీఎస్ కణాల్లోనూ ఉంటాయి. ఒకే కణంలో సాక్స్17, టీఎఫ్‌ఏపీ2సీ, ఆక్ట్4 మూడూ ఉండి, సాక్స్2 పడిపోయి ఉంటేనే నమ్మాలి. ఫాక్స్‌ఏ2 కనిపిస్తే ఎండోడెర్మ్, గాటా3 ఎక్కువగా ఉంటే ఆమ్నియాన్ వైపు పోయినట్టు.

ఎలుక కణాలతో పీహెచ్‌డీ చేసి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు. ఎలుక ఆదిమ బీజకణాల్లో సాక్స్2 ఉంటుంది, సాక్స్17కి అంత పాత్ర లేదు. మనిషిలో సరిగ్గా దీనికి తిరగేసి. ఎలుక ప్రైమర్ల జాబితాను పేర్లు మార్చి వాడేస్తే మంచి ఫలితాన్ని కూడా చెడ్డదనుకుని పారేస్తారు.

తర్వాతి దశ బీజకణాల మార్కర్లు డీడీఎక్స్4, డాజల్ ఈ దశలో కనిపించవు. 6వ రోజు పీజీసీఎల్‌సీ, పిండంలో అండాశయం లేదా వృషణం వైపు ఇంకా ప్రయాణం మొదలుపెట్టని తొలి బీజకణానికి సమానం. డీడీఎక్స్4 లేదని నిరాశపడకండి. ఉందని ఎవరైనా చూపిస్తే యాంటీబాడీని అనుమానించండి.

అగ్రిగేట్లలో కొన్నింటిని 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 30 నిమిషాలు ఫిక్స్ చేసి, 30 శాతం సుక్రోజ్‌లో ముంచి, 10 మైక్రాన్ల క్రయో సెక్షన్లు తీయండి. పీజీసీఎల్‌సీలు తరచుగా ఒక పక్కన గుంపుగా ఉంటాయి, కాబట్టి మధ్యలో ఒక్క సెక్షన్ చూసి శాతం చెప్పకండి.

అడుగు 7: సార్టింగ్

రిపోర్టర్ లైన్ (బీజకణమైతే వెలిగేలా జన్యువు మార్చిన లైన్) లేకపోతే కణం ఉపరితల ప్రొటీన్లు ఎప్‌క్యామ్, ఇంటెగ్రిన్ ఆల్ఫా6 రెండూ ఎక్కువగా ఉన్న కణాలను వేరు చేస్తారు. 30–40 అగ్రిగేట్లను ఒకచోట చేర్చి, కడిగి, ట్రిప్సిన్-ఈడీటీఏలో 37 డిగ్రీల దగ్గర 10–15 నిమిషాలు, మధ్యమధ్యలో పైపెట్‌తో మెల్లగా కదుపుతూ విడదీయండి. వడపోతకు 40 మైక్రాన్ల స్ట్రెయినర్. తర్వాత యాంటీబాడీ, చనిపోయిన కణాలను పట్టే రంగు. ఇంటెగ్రిన్ యాంటీబాడీ బీవీ421తో ఉంటే డాపీ వాడకండి, రెండూ ఒకే లేజర్‌కు నీలంగానే వెలుగుతాయి. 7-ఏఏడీ తీసుకోండి. ఒక్కో రంగుకు విడిగా కంపెన్సేషన్ (రంగుల కలగలుపును సరిదిద్దే) నమూనా తప్పనిసరి.

గేటు (ఏ కణాలు తీసుకోవాలో చూపే హద్దు) గీసేటప్పుడు బీఎంపీ4 లేని కంట్రోల్‌ను పక్కన పెట్టుకోండి. ఐపీఎస్ కణాల మీద కూడా ఎప్‌క్యామ్, ఇంటెగ్రిన్ ఆల్ఫా6 ఉంటాయి. డిఫరెన్షియేట్ కాని కణాలు మిగిలిపోతే అవీ మీ గేటులోకే వస్తాయి. అందుకే ప్రతి కొత్త లైన్‌కు సార్ట్ చేసిన కణాల్లో సాక్స్2 ఎంత ఉందో క్యూపీసీఆర్‌తో ఒకసారి చూడాలి. దిగుబడి కొన్ని లైన్లలో 10 శాతం లోపే ఉంటుంది, కొన్నింట్లో 50 దాటుతుంది. మీ లైన్ తక్కువ ఇస్తే అది మీ చేతి తప్పే కానక్కర్లేదు. బాగా వస్తుందని తెలిసిన లైన్ ఒకటి ప్రతిసారీ పక్కనే నడిపితే, లోపం లైన్‌దా, రసాయనాలదా అన్నది వెంటనే తెలుస్తుంది.

లెక్కకు వచ్చేది ఏది

ఒకే రోజు పెట్టిన మూడు వెల్స్ మూడు ప్రయోగాలు కావు. వేర్వేరు పాసేజ్‌లలో, వేర్వేరు రోజుల్లో మొదలుపెట్టిన డిఫరెన్షియేషన్లనే ఎన్ (ప్రయోగాల సంఖ్య) కింద లెక్కించాలి, కనీసం మూడు. జన్యువును తీసేసిన లైన్‌తో పోలుస్తుంటే, అదే మూల లైన్ నుంచి ఎడిటింగ్ దశలన్నీ దాటి జన్యువు చెడకుండా మిగిలిన క్లోన్ కంట్రోల్‌గా ఉండాలి, వేరే దాత లైన్ కాదు. ఒక్కో మార్పుకు కనీసం రెండు క్లోన్లు.

ప్రతి ప్రయోగానికి నోట్‌బుక్‌లో తప్పక ఉండాల్సినవి: పాసేజ్ సంఖ్య, పాసేజ్ రోజున కన్‌ఫ్లుయెన్సీ (ప్లేటు ఎంత నిండిందో) ఫొటో, ఐమెల్‌సీ వేసిన గంట, తీసిన గంట, బతికిన కణాల శాతం, కేఎస్‌ఆర్ లాట్, బీఎంపీ4 లాట్, 6వ రోజు శాతం. పది ప్రయోగాల తర్వాత ఈ పట్టికను శాతం ప్రకారం పేర్చి చూడండి. పై వరుసలకూ కింది వరుసలకూ తేడా చాలాసార్లు కన్‌ఫ్లుయెన్సీ, గంటల గడుల్లోనే దొరుకుతుంది.

సార్ట్ చేసిన కణాల్లో కనీసం 10,000 ఆర్‌ఎన్‌ఏకు, కొన్ని మిథైలేషన్‌కు వేరుచేసి పెట్టండి. 6వ రోజుకు డీఎన్‌ఏ మిథైలేషన్ తగ్గడం ఇంకా మొదటి దశలోనే ఉంటుంది, ఇంప్రింట్లు (తల్లి, తండ్రి ప్రతులను వేరుచేసే గుర్తులు) చెరిగిపోవు. ఆ తర్వాతి దశ చూడాలంటే పీజీసీఎల్‌సీలను ఎలుక పిండ అండాశయ కణాలతో కలిపి దాదాపు నాలుగు నెలలు పెంచాలి. 2018లో క్యోటో బృందం ఊగోనియా (అండాలకు ముందు దశ) లాంటి కణాలను అలాగే పొందింది. అదే బృందం 2024లో, బీఎంపీ సంకేతాన్ని కొనసాగిస్తూ ఎలుక కణాల సాయం లేకుండానే ఈ దశకు చేర్చే పద్ధతిని ప్రచురించింది. రెండేళ్ల ఫెలోషిప్‌లో ఉన్నవాళ్లు నాలుగు నెలల కల్చర్‌ను ఎంచుకునే ముందు, అది ఒక్కసారి కలుషితమైతే ఎన్ని నెలలు వెనక్కి పోతాయో లెక్క వేసుకుని, ప్రతి బ్యాచ్‌నూ రెండు ఇంక్యుబేటర్లలో సగం సగం పెట్టుకోవాలి.